కాలవ గట్టు మీద కుర్చీ

ఓహితోస్, 1997 మే 12

ఓర్లిందా,

పోస్టాఫీసు రామోన్సితా తన ఫోను వాడుకోమంటుంది గాని, ఆవిడ పక్కనే నిలబడి చెవులు రిక్కించి వింటుంటే నాకు మాట పెగలదు. అందుకని కాగితమే. ముందు మామూలు కబుర్లు. మొన్నటి మంచుకి ఆప్రికాట్ పూత మొత్తం రాలిపోయింది. నల్ల మేక రెండు పిల్లల్ని వేసింది. ఇక అసలు సంగతి రాయక తప్పదు.

పోయిన గురువారం మీ అన్న కాలవ తల తూము దగ్గర నీళ్ళు వదిలే పలకలు ఎత్తుతూ కూలబడ్డాడు. లేచి నడవబోతే ఒక కాలు తూర్పుకీ ఒక కాలు పడమరకీ పోయిందట. చూసినవాళ్ళు పొద్దున్నే తాగాడనుకున్నారు. తెలెస్ఫోరో వాణ్ణి తన బండిలో ఇంటికి చేర్చి, "అక్కా, వీడికి కాస్త కాఫీ పట్టు, నేనెవరికీ చెప్పన్లే" అన్నాడు. పదేళ్ళ నుంచి ఒనోఫ్రే చుక్క ముట్టలేదని పక్కింటివాడికి తెలీదా? నాకు ఒళ్ళు మండిపోయింది. వాసన చూసుకోమని వాడి నోరు తెరిచి చూపించాను.

అప్పుడు కనపడింది నాకు, ఎడమవైపు పెదవి వేలాడుతోంది. "అక్కా, నువ్వు ఇద్దరు కనిపిస్తున్నావే. ఒక్కదానితోనే వేగలేక చస్తున్నాను" అన్నాడు. ఆ మాటకి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. నాన్నకి అమ్మ కట్టినట్టే నుదుటి మీద పచ్చి బంగాళాదుంప చక్రాలు పెట్టి గుడ్డ కట్టాను. నాలుగు రోజులైంది. తలపోటు తగ్గింది, తూలడం తగ్గలేదు.

నాన్నకీ ఇలాగే మొదలైంది. నలభై ఆరేళ్ళకే పోయాడు. గుండె అన్నారు. గుండె ఆగినవాడు తల పట్టుకుని ఎందుకు పడతాడని నేను అప్పుడే అడిగాను, పెళ్ళికాని పిల్ల మాట ఎవరు వింటారు?

వాణ్ణి నీ దగ్గరికి పంపుతున్నాను, పెద్దాసుపత్రిలో చూపించు. సాన్ ఇసిద్రో పండగ అయ్యేదాకా కదలనంటున్నాడు. ఆ రైతుల పునీతుడి విగ్రహాన్ని చేల గట్ల మీద తిప్పేటప్పుడు ముందు నడవాల్సింది కాలవ పెద్దే కదా. పంతొమ్మిదేళ్ళుగా నడుస్తున్నాడు, ఈ ఏడు తూలుతూనైనా నడుస్తాడట. వాడి మొండితనం నీకు తెలియనిదా. పండగ మర్నాడే బండి ఎక్కిస్తాను.

మీ అక్క,
యుతీమియా


అల్బుకర్కీ, 1997 జూన్ 3

యుతీమియా అక్కా,

అన్నయ్య ఇల్లు చేరిన రెండు రోజులకి ఈ ఉత్తరం నీకు అందుతుంది. అన్నయ్య ముందు చదవకు.

తలకి స్కానింగ్ తీశారు. డాక్టరు నన్ను లోపలికి పిలిచి తెర మీద చూపించాడు. అన్నయ్య లోపలికి రానన్నాడు. "మా చెల్లెలు చదువుకున్నది, దానికి చెప్పండి" అని వరండాలో కూర్చుని, పక్కనున్న ముసలాయనతో వానల గురించి మాట్లాడుకున్నాడు.

మెదడులో సన్నటి రక్తనాళాలు సరిగ్గా అల్లుకోక, మల్బరీ పండులా గుత్తులు కట్టి ఉన్నాయక్కా. ఒకటి కాదు, ఐదు. వాటి గోడలు బాగా పల్చన, అప్పుడప్పుడు రక్తం కారుతుంది. నాలుగు గుత్తుల వల్ల ఇప్పటికి బాధ లేదు. ఐదోది మెదడు మెడలోకి దిగే కాడలో ఉంది. చూపు, మింగడం, ఊపిరి, అన్నీ ఆ ఇరుకు దారిలోంచే పోతాయట. రక్తం కారింది అక్కడే. అక్కడ కత్తి పెట్టడం కుదరదన్నాడు.

ఒకసారి కారినచోట మళ్ళీ కారే భయం ఎక్కువట. మొదటి రెండేళ్ళు మరీ. ఆ తర్వాత ఏడాది గడిచేకొద్దీ తగ్గుతుంది. ఏ రోజు, ఏ పూట అనేది ఎవరూ చెప్పలేరు. అసలు కారకుండానే నిండు నూరేళ్ళూ బతకొచ్చు కూడా.

ఇది మన ఒక్క ఇంటిదే కాదట. మన కొండల్లో ఎన్నో కుటుంబాల్లో చూశాడట. ఎప్పుడో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళలో ఒక తాతో, ఒక అమ్మమ్మో తెచ్చి ఉంటారని ఆయన అనుకుంటున్నాడు. నాన్న గుండె గురించి నువ్వన్నదే నిజం. తోబుట్టువుల్లో ఎవరికైనా ఉండే అవకాశం సగానికి సగం, నువ్వూ నేనూ కూడా చూపించుకోవాలన్నాడు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు. అన్నయ్య ఇక పార పట్టకూడదు. తూము పలకలు ఎత్తకూడదు. కాలవ పని పూర్తిగా మానెయ్యాలి. నా మాట వినడు, నువ్వే మాన్పించాలి.

నువ్వు పంపిన ఎండుమిరప దండ వంటింట్లో కట్టాను. చూసినప్పుడల్లా ఇల్లు గుర్తొస్తోంది.

నీ
ఓర్లిందా


ఓహితోస్, 1997 జూలై 20

ఓర్లిందా,

నువ్వు రాసింది మూడుసార్లు చదివి, పొయ్యి దగ్గర కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వాడి దగ్గరికెళ్ళాను. డాక్టరు ఇలా అన్నాడట అని చెప్పాను. ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకున్నాను, ఏం జవాబివ్వాలో పాఠంలా వల్లె వేసుకుని మరీ వెళ్ళాను. వాడేమో నా మొహం కేసి కాసేపు చూసి, "సరేలేవే" అన్నాడు. అంతే. వల్లె వేసిందంతా దండగైపోయింది.

అయినా నమ్మలేదు. వాడి పారని జొన్నల గదిలో దుప్పట్ల కింద దాచాను. కట్టెలు నేనే కొడుతున్నాను. నీళ్ళ బకెట్టు ఎత్తబోతే లాక్కుంటున్నాను. మొన్న తెలెస్ఫోరో వాళ్ళ దొడ్లో గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడని తెలిసి పరిగెత్తాను. తీరా చూస్తే పట్టుకుని నిలబడ్డాడంతే, కొట్టడం లేదు. "బరువెంతుందో చూస్తున్నానే" అన్నాడు.

కాలవ పెద్దరికం తెలెస్ఫోరోకి అప్పగించారు. అప్పగించేటప్పుడు మీ అన్నే కొలకర్ర తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. తెలెస్ఫోరో మంచివాడే, కాని ఎవరి నీళ్ళ వంతు ఎప్పుడో చీటీ చూసి కూడా తప్పు చెప్తాడు. ఒనోఫ్రేకి పంతొమ్మిదేళ్ళ వంతులు నోటికి వచ్చు. జనం వసారాలోకి వచ్చి వీణ్ణి అడిగి పోతున్నారు. వీడు కుర్చీలోంచే చెప్తాడు. వాళ్ళు వెళ్ళాక కాలవ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇక్కణ్ణుంచి నీళ్ళు కనపడవు, చప్పుడే.

నన్ను చూపించుకోమన్నావు. నాకు అరవై ఏళ్ళు. ఇంతకాలం కారనిది ఉంటే ఉండనీ, లేకపోతే లేదు. నాకొద్దు. నువ్వు మాత్రం వెళ్ళు.

యుతీమియా


అల్బుకర్కీ, 1997 అక్టోబరు 9

అక్కా,

వెళ్ళాను. నాకూ ఉన్నాయి. రెండు. రెండూ పైపైనే ఉన్నాయి, ఇంతవరకు ఒక్క చుక్క కారలేదట. బెంగపడకు. నాకు తలపోటు కూడా లేదు.

స్కానింగ్ అయిన రోజే బడి వంటపనికి వెళ్ళాను. మూడు వందల మంది పిల్లలకి చిక్కుడుగింజలు వండి, గంగాళం నేనూ ఇంకొకావిడా కలిసి దించాం. పిల్లలకి నా తలలో ఏముందో ఏం పట్టింది, రెండోసారి వడ్డించమని గొడవ.

అన్నయ్య బాగున్నాడా? తూలడం తగ్గిందా, పెదవి సర్దుకుందా? నా సంగతి నెమ్మదిగా చెప్పు. లేదా చెప్పకు. నీకెలా తోస్తే అలా.

ఓర్లిందా


ఓహితోస్, 1998 మార్చి 22

ఓర్లిందా,

బెంగపడకు అన్నావు కాబట్టి శీతాకాలమంతా అదే పనిగా బెంగపడ్డాను. రెండు ఉత్తరాల్లో ఒకటే అడిగాను నిన్ను. ఒకే జబ్బు, ఒకే డాక్టరు. అన్న పార పట్టకూడదట, చెల్లెలు గంగాళాలు దించొచ్చట. ఇదెక్కడి వైద్యం? నువ్వేమో మొదటిదానికి క్రిస్మస్ బిస్కెట్లలో సోంపు ఎంత వెయ్యాలో రాశావు, రెండోదానికి బడి గోడకి రంగులు వేశారని రాశావు. ఒకటే అర్థమవుతోంది నాకు. నీకు వచ్చింది అన్నకి వచ్చినదానికంటే ఎక్కువ, ఆశ వదులుకుని పని చేస్తున్నావు, నాకు చెప్పడం లేదు. ఆ వంటపని మానెయ్. ఇక్కడికి వచ్చెయ్. వీడి పక్కన ఇంకో కుర్చీ వేస్తాను.

పోయిన శనివారం కాలవ పూడిక తీశారు. ఇరవై ఆరు ఇళ్ళకి ఇరవై ఆరుగురు, మనింటి తరఫున కూలిమనిషిని పెట్టాను. మీ అన్న వారం ముందునుంచీ మొదలుపెట్టాడు. "పని చెయ్యనే. పేర్లు పిలిచేటప్పుడు నిలబడి వస్తాను." వద్దంటే, "గట్టు మీద ఉంటానే, పార ముట్టను" అన్నాడు. పసివాడిలా అడుగుతుంటే కాదనలేక తీసుకెళ్ళాను.

వాణ్ణి చూడగానే అందరూ మంచితనమే చూపించారు. ఎవరో పరిగెత్తుకెళ్ళి తమ ఇంట్లోంచి కుర్చీ తెచ్చారు, మెత్త వేసి మరీ. గట్టు మీద వేసి కూర్చోబెట్టారు. తెలెస్ఫోరో కర్రతో కొలిచి ఒక్కొక్కడికి తవ్వాల్సిన జాగా గీస్తున్నాడు. అందరూ తమ జాగా తవ్వేశాక కాలవ పెద్ద ‘వ్వెల్తా’ అని కేక వెయ్యాలి కదా, వాళ్ళు ముందుకి జరగడానికి. తెలెస్ఫోరో గొంతు పీల. చివరి మనుషులకి వినపడలేదు, జరగలేదు. అప్పుడు ఇరవై ఆరుగురూ మీ అన్న కేసి చూశారు. వాడు కుర్చీలోంచే కేక వేశాడు. కొండకి తగిలి వెనక్కి వచ్చింది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు.

వాడు నవ్వలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ కేకకి ఎవరైనా చప్పట్లు కొట్టారా? ఆ తర్వాత మళ్ళీ కేక వెయ్యలేదు. మధ్యాహ్నం కుర్చీ ఎవరిదో వాళ్ళకి తనే అప్పగించి, "పోదామా" అన్నాడు. ఇంటికి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. తింటున్నాడు, మాట్లాడుతున్నాడు. కాని వసారాలోకి జనం వస్తే తెలెస్ఫోరోనే అడగమంటున్నాడు.

నేను చేస్తున్నది సరైనదేనా ఓర్లిందా? ప్రాణం కంటే పార ఎక్కువా అని రోజుకి పదిసార్లు నాకు నేను చెప్పుకుంటున్నాను.

నీ జవాబు కోసం చూస్తుంటాను. సోంపు గురించి కాదు.

యుతీమియా


అల్బుకర్కీ, 1998 ఏప్రిల్ 5

అక్కా,

నేను దాచింది నా జబ్బు కాదు. నాది రాసినంతే. దాచింది వేరే.

డాక్టరు పార పట్టకూడదు అనలేదు. నేనే అడిగాను ఆ రోజు, "పని మానాలా?" అని. అక్కర్లేదన్నాడు. పని వల్ల కారదు, మానినందువల్ల ఆగదు, కూర్చున్నా కారుతుంది, నిద్రలోనూ కారుతుంది అన్నాడు. ఆ రోజు పలక ఎత్తుతుంటే కారింది కాబట్టి పలకే కారణమనుకుంటున్నాం గాని, రోజులో సగం కాలవలోనే ఉండే మనిషికి ఏం జరిగినా కాలవలోనే జరుగుతుంది కదా అన్నాడు. అలవాటైన బతుకు బతకనివ్వండి అన్నాడు.

ఆ తెర మీద మెదడు కాడలో నల్లటి మచ్చ చూశానక్కా. బఠాణీ గింజంత ఉంది. దాన్ని చూశాక అన్నయ్య నడుం లోతు నీళ్ళలో పలక ఎత్తుతున్నట్టే కళ్ళ ముందు కనపడింది. డాక్టరు మాట నాకు నచ్చలేదు. ఏదో ఒకటి చెయ్యాలి గదా, ఏమీ చెయ్యనక్కర్లేదంటే ఎలా? ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాస్తూ ఆ మూడు వాక్యాలు కలిపేశాను. నా చేత్తోనే రాశాను. రాసి ఆ రోజు హాయిగా పడుకున్నాను కూడా.

నువ్వు రాసిన కుర్చీ సంగతి చదివి వంటింట్లో నిలబడి ఏడ్చాను. అన్నయ్యకి చెప్పెయ్. పార ఇచ్చెయ్. నన్నేమైనా తిట్టు.

ఓర్లిందా


ఓహితోస్, 1998 ఏప్రిల్ 16

ఓర్లిందా,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను.

తిట్టమన్నావు. ఎంతని తిట్టను? నలభై అయిదేళ్ళ దానివి. నీ మాట పట్టుకుని నేను వాడి చేతిలోంచి బకెట్టు కూడా లాక్కున్నాను. ఊరంతా నన్ను పోలీసమ్మ అంటున్నారు. పడ్డాను, డాక్టరు చెప్పాడు కదా అని పడ్డాను.

అయినా వాడికి చెప్పను. విను. మొదటి రెండేళ్ళే భయం ఎక్కువ అని నువ్వే రాశావు, అది కూడా నీ కల్పన కాకపోతే. ఒక ఏడాది గడిచింది. ఇంకొక్క ఏడాది. ఇప్పుడు పార ఇచ్చాక రేపు కాలవలో పడ్డాడనుకో, డాక్టరు ఏమన్నాడన్నది నాకు గుర్తుంటుందా? ఇచ్చింది నా చెయ్యి అన్నదే గుర్తుంటుంది. వచ్చే వసంతంలో నేనే దుప్పట్ల కిందనుంచి తీసి చేతికిస్తాను. అప్పటిదాకా నువ్వు నోరెత్తకు. మొదలుపెట్టింది నువ్వే కదా, కాస్త ఓపిక పట్టు.

ఇలా రాస్తున్నానంటే నాకు బాగుందనుకోకు. వాడి ఎదురుగా కూర్చుని వాడి మొహం చూడకుండా జావ తాగుతున్నాను.

యుతీమియా


అల్బుకర్కీ, 1998 సెప్టెంబరు 25

అక్కా,

వేసవంతా నీ మాట విన్నాను. ఇక నావల్ల కాదు. పోయినవారం అన్నయ్య నాకు కార్డు రాశాడు, రెండే ముక్కలు. "ఈ ఏడు కాలవలో నీళ్ళు బాగున్నాయంటున్నారు." అంటున్నారట, అక్కా. చూసి రాసే మనిషి, అంటున్నారని రాశాడు.

అక్టోబరు పదిన నాకు సెలవు. వస్తున్నాను. నేనే కూర్చోబెట్టి చెప్తాను. నువ్వు పక్కన ఉన్నా సరే, మేకల దగ్గరికి వెళ్ళినా సరే.

ఓర్లిందా


ఓహితోస్, 1998 నవంబరు 8

ఓర్లిందా,

మీ అన్న సమాధి దగ్గర నువ్వు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అంతమంది వచ్చి పాటలు పాడుతుంటే ఇద్దరం చెరో వైపు నిలబడ్డాం. నువ్వు నాలుగు రోజులు ఆలస్యమయ్యావని నీ మీద నీకు కోపం. నాకు నీ మీదా, నా మీదా. ఇప్పుడు ఇంకొకరి మీద కూడా వచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఎలా పోయాడో నీకు సరిగ్గా చెప్పలేదు. అక్టోబరు ఆరో తారీకు, పొద్దున పది గంటలు. వసారాలో ఎండలో కూర్చుని ఎండిన మొక్కజొన్న పొత్తులు వలుస్తున్నాడు, నేను ఎదురుగా. "ఈ పొత్తు చూడవే, సగం గింజ పట్టలేదు" అన్నాడు. చూద్దామని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. తల ముందుకి వాలిపోయింది. అంతకంటే ఏం లేదు. ఒళ్ళో పొత్తులు, ఎండలో కుర్చీ, ఎదురుగా నేను. బరువైనదేదీ ఎత్తలేదు. నేను ఎంత జాగ్రత్తగా దాచానో అక్కడే, అలాగే పోయాడు.

నిన్న తెలెస్ఫోరో వచ్చాడు. కొలకర్ర ఇస్తానని తెచ్చాడు, వద్దన్నాను. వెళ్ళకుండా టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఏమిటయ్యా అంటే, చెప్పకూడదని మాటిచ్చానక్కా, కాని మోయలేకపోతున్నాను అన్నాడు.

ఒనోఫ్రేకి తెలుసట. ఆ రోజే తెలుసట. ఆసుపత్రి నుంచి బయల్దేరేముందు, నువ్వు కారు తేవడానికి వెళ్ళినప్పుడు, డాక్టరు వరండాలో కనపడితే తనే అడిగాడట, "అయ్యా, పార పట్టొచ్చా" అని. నీకు చెప్పిందే డాక్టరు వాడికీ చెప్పాడు. ఇంటికొచ్చాక నేను వెళ్ళి డాక్టరు వద్దన్నాడని చెప్పానా, అప్పుడే వాడికి అర్థమైపోయింది, చిన్నది అబద్ధం రాసిందని. కొలకర్ర అప్పగించిన రోజు తెలెస్ఫోరోకి చెప్పాడట. తెలెస్ఫోరో వాడికి చీవాట్లు పెట్టాడట, నీకు మతిపోయిందా, నిజం తెలిసీ కూర్చుంటావా అని. వాడన్న మాట తెలెస్ఫోరో ఏడుస్తూ చెప్పాడు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మా అక్కకి కాపలా కాయడానికి ఏదో ఒకటుండాలిరా. పార నా చేతిలో ఉంటే అది రోజూ చస్తుంది. చిన్నది నాకోసం అబద్ధమాడింది, దాన్ని అబద్ధాలకోరుని చేస్తానా? నాదేముంది, కూర్చుంటే పోలా."

పదహారు నెలలు, ఓర్లిందా. నేను బకెట్టు లాక్కున్న ప్రతిసారీ తెలిసే ఇచ్చాడు. గట్టు మీద కుర్చీలో కూర్చున్నప్పుడూ తెలుసు. ఏప్రిల్ నుంచి నాకూ తెలుసు, వాడికి చెప్పకుండా ఎదురుగా కూర్చుని జావ తాగాను. వాడూ చెప్పకుండా తాగాడు. ముగ్గురం నిజం తెలిసినవాళ్ళమే, ఒక్కళ్ళం నోరు విప్పలేదు.

ఎవరడిగారు వాణ్ణి అంత మంచితనం? ఒక్కసారి నా మీద అరిచి పార లాక్కుని పోయి ఉంటే, ఈపాటికి పోయినా కాలవలో పోయేవాడు. నాకు వాడి మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. పొద్దున లేవగానే వాడికి కూడా కాఫీ పెడుతున్నాను. పెట్టి పారబోస్తున్నాను.

రా. మాట్లాడుకోకపోయినా సరే, రా.

యుతీమియా


అల్బుకర్కీ, 1999 ఫిబ్రవరి 2

అక్కా,

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. పది రోజులూ అన్నయ్య గురించి మాట్లాడుకోవడంతోనే సరిపోయింది, నీ మొహం చూసి ఆగిపోయాను. మళ్ళీ అదే తప్పు చేస్తున్నానని ఇక్కడికి వచ్చాక తెలిసింది. ఇకమీదట నీకు అన్నీ రాస్తాను, ఉన్నవి ఉన్నట్టు.

డిసెంబరు మొదట్లో నా ఎడమ చెయ్యి రెండు రోజులు మొద్దుబారింది. గరిటె జారి పడింది. వెళ్ళి చూపించుకున్నాను. రెండింటిలో ఒకటి కాస్త కారింది. చెయ్యి మళ్ళీ మామూలైంది, చిటికెన వేలు తప్ప. నేనూ ఇప్పుడు అన్నయ్య ఉన్నచోటే ఉన్నాను, ఒకసారి కారినవాళ్ళలో. అన్నయ్యది ఉన్నంత చెడ్డచోట కాదు. కావాలంటే ఆపరేషను చెయ్యొచ్చన్నారు, దాని భయాలు దానికీ ఉన్నాయి. ఆలోచిస్తున్నాను. చెయ్యించుకోకపోతే రెండేళ్ళు అదే లెక్క, తెలుసు కదా.

అదే డాక్టరు. నేను కూడా అదే అడిగాను, పార పట్టొచ్చా అని. "మీ అన్నగారూ ఇదే అడిగారు" అన్నాడు. ఆయనకి గుర్తుంది. పట్టొచ్చన్నాడు. ఇది ఆయన నోటిమాట అక్కా, నేను ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు.

మార్చిలో పూడిక తీతకి మనింటి తరఫున నేను వస్తాను. కూలిమనిషిని పెట్టకు. ఆడవాళ్ళు దిగరని ముసలాళ్ళు గొణుగుతారు, గొణగనీ. అన్నయ్య ఆఖరి ఏడాది ఒక్కపూట కూడా చెయ్యలేకపోయిన పని నేను ఒక్కపూట చేస్తే అన్నయ్యకి ఒరిగేదేమీ లేదు, నాకు తెలుసు. నాకు కావాలి. భయపడుతూ వంటింట్లో నిలబడటం నావల్ల కాదు.

వద్దంటే రాను. నిన్ను మళ్ళీ ఏమార్చి ఏ పనీ చెయ్యను. అందుకే అడుగుతున్నాను. రానిస్తావా?

ఓర్లిందా


ఓహితోస్, 1999 మార్చి 7

ఓర్లిందా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. వద్దని నాలుగుసార్లు రాసి చింపాను. ఒకదాంట్లో అమ్మ మీద ఒట్టు పెట్టాను, ఒకదాంట్లో నాకు ఒంట్లో బాగాలేదని అబద్ధం రాశాను. ఆ అబద్ధం చూసుకున్నాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మనింట్లో ఈ అబద్ధాల రోగం తలలో ఉన్నదానికంటే పాతదనిపించింది.

నిన్న తెలెస్ఫోరో పేర్లు రాసుకోవడానికి వచ్చాడు. మీ ఇంటి తరఫున ఎవరక్కా అన్నాడు. నీ పేరు చెప్పాను. కలం ఆపి, "ఆడమనిషా? పైగా తనకి కూడా..." అని తన తల చూపించాడు. అవును, తనకి కూడా, రాసుకో అన్నాను. రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "గట్టు మీద కుర్చీ ఒకటి వేయించనా, అలసిపోతే కూర్చోడానికి" అన్నాడు. కుర్చీ తెచ్చినవాడి కాళ్ళు విరగ్గొడతానని చెప్పాను.

శనివారం, ఇరవయ్యో తారీకు. ఎనిమిదింటికి పేర్లు పిలుస్తారు. శుక్రవారానికే వచ్చెయ్. మందపాటి మేజోళ్ళు తెచ్చుకో, నీళ్ళు ఇంకా మంచులా ఉంటాయి.

నేను గట్టు మీదికి రాను. వస్తే ఆపుతాను, నా సంగతి నాకు తెలుసు. ఇంట్లో కూర్చుని ఆ పూటంతా భయపడతాను. నాకు చాలా భయంగా ఉంది ఓర్లిందా. కాని ఆ భయం నాది, దాన్ని మొయ్యడానికి ఇంకొకరు కుర్చీలో కూర్చోనక్కర్లేదు.

పన్నెండింటికి భోజనానికి రా. ఒంటిగంట దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే మాత్రం వస్తాను.

మీ అక్క